మన నదికి ఇసుకే మంచు

గోముఖం దగ్గర మంచు కరిగి భాగీరథి పుడుతుంది. దేవప్రయాగలో అలకనంద వచ్చి కలిశాక దానికి గంగ అని పేరు. వానలింకా రాని వైశాఖంలో, ఎండ ముదిరేకొద్దీ కొండల మీది మంచు ఆ నదికి నీరందిస్తుంది.

మన స్వర్ణముఖికి ఆ భాగ్యం లేదు. తూర్పు కనుమల్లో పుట్టి, తొండవాడ దగ్గర భీమ, కల్యాణి నదులను కలుపుకొని, తిరుపతి పక్కనుంచి శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతం చేరే ఈ 130 కిలోమీటర్ల నదికి వానే ఆధారం. వాన వెలిసిన కొన్నాళ్లకే పైన ప్రవాహం ఆగిపోతుంది. అడుగున మాత్రం ఇసుకలో నీరు నడుస్తూనే ఉంటుంది. చెలమ తీస్తే కడవ నిండింది ఆ నీటితోనే. ఊటకాలువలు తవ్వి మన పెద్దలు మడి తడుపుకున్నదీ ఆ నీటితోనే. బోరులో నీరు తగిలితే గంగ పడిందంటాం. ఏటి ఒడ్డు ఊళ్లలో ఆ గంగ వచ్చేది గోముఖం నుంచి కాదు, స్వర్ణముఖి ఇసుకలోంచి.

ఆ ఇసుకలోకి యంత్రాలు దించడమంటే మంచుకొండను లారీలకెత్తడమే. ఇళ్లు కట్టుకోవద్దా అని అడుగుతారు. కట్టుకోవాలి. అందుకు రాతిని పొడి చేసిన ఇసుక దొరుకుతోంది. బోర్లు ఎండిన ఊళ్లో కొత్త ఇల్లు ఎవరికి? 2024లో ఇసుకను ఉచితం చేసిన ప్రభుత్వం ఏటిని కాపాడే పూచీ కూడా తీసుకోవాలి.

ఇసుకనే కాదు, నీటి దారులనూ మనం వదల్లేదు. 2021 నవంబరు వరదను ఎవరూ మరచిపోలేదు. తిరుపతి వీధులు ఏరులై పారాయి. రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువులకు నీళ్లు చేర్చే వంకలను పూడ్చి ఇళ్లు లేపితే, ఆ నీళ్లు ఇళ్లలోకి కాక ఎటు పోతాయి?

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలో శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు వస్తాయి కదా అన్న ధీమా మరొకటి. రావాలి, రైతుకు అవి కావాలి. కానీ కృష్ణ కూడా మహాబలేశ్వరం వానలకు పుట్టిన నదే, దానికీ మంచు లేదు. శ్రీశైలం జలాశయం నిండని ఏడాది మోటార్లు ఏం తోడతాయి? ఆ పథకం పేరులో నీవా ఉంది. చిత్తూరు ఊళ్లో పారే అసలు నీవాను మాత్రం మురుగుకు వదిలేశాం.

కొత్త చట్టమేదీ అక్కర్లేదు. భూగర్భజలాలను కాపాడటానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. తొండవాడ నుంచి శ్రీకాళహస్తి దాకా ఏట్లో యంత్రాల తవ్వకం పూర్తిగా ఆపాలి. స్వర్ణముఖికి, నీవాకు హద్దురాళ్లు నాటాలి. చెరువుల వంకల మీద ఆక్రమణలు ఎవరివైనా తీసేయాలి. తిరుపతి, చిత్తూరు కలెక్టర్లు ఈ పని ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా ముగించాలి.