బండి తాళం ఎవల చేతిల ఉండాలె?

సూర్యాపేట దాటినంక హైవే మీద ఒక పెట్రోల్ బంకుల నేను రెండేండ్లు నైట్ డ్యూటీ చేసిన. డిగ్రీ అయిపోయింది, నౌకరి దొరకలే, దొరికిన పని అదే. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాక. ఎన్ని వేల బండ్లకు పెట్రోల్ కొట్టిన్నో లెక్క లేదు. అన్నీ మర్చిపోయిన గానీ ఒక్క బండి మాత్రం యాదికుంది.

వానకాలం. టైం పదకొండు దాటింది. ఒకాయన బైకు మీద వచ్చిండు. నలభై ఏండ్లుంటయ్ కావచ్చు. బండి ఆపంగనే కాలు కింద ఆనక బండితోని సహా ఒరిగిండు. నేనే పట్టి నిలబెట్టిన. జేబుల కెళ్లి పైసలు తీస్తుంటే నోట్లు కింద పడ్డయ్, ఏరిచ్చిన. "రెండొందలది కొట్టు తమ్మీ" అన్నడు. ట్యాంకు మూత తియ్యనీకి ఆయనతోని కాలే. నేనే తీసిన, నేనే పెట్టిన. ఆఖరికి కిక్కు కూడ కొట్టరాకపోతే అది గూడ నేనే కొట్టిచ్చిన. "పైలం అన్నా" అన్న. ఆయన నవ్వి, లైటు ఎయ్యకుండనే హైవే ఎక్కిండు.

ఆయన ఇల్లు చేరిండో లేదో ఇయ్యాల్టి దాక నాకు తెల్వదు. ఆ రాత్రి సైరన్ వినపడ్డప్పుడల్లా నా పానం గుంజింది. పొద్దున మేనేజర్‌కు చెప్తే, "బండి వచ్చిందంటే కొట్టుడే మన పని. తాగిండా లేదా చూసుడు పోలీసోళ్ల పని" అన్నడు. అప్పుడు ఆ మాటల నాకు తప్పేం కనపడలే.

2025 అక్టోబర్ 24 తెల్లారిగట్ల ఆ మాట మళ్ల యాదికొచ్చింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు కర్నూలు దాపుల చిన్నటేకూరు కాడ కాలిపోయింది. బస్సుల 19 మంది, బైకు నడిపినాయన ఒకరు, మొత్తం 20 పానాలు పోయినయ్. బైకు ముందే డివైడర్‌కు గుద్దుకున్నది, అది రోడ్డు మీద పడి ఉంటే వెనుక వచ్చిన బస్సు దాని మీదికెల్లి పోయింది, మంటలు లేచినయ్. బైకు నడిపినాయన మందు తాగి ఉన్నడని ఫోరెన్సిక్ పరీక్షల తేలింది. గంట కూడ కాకముందు ఆయన ఒక పెట్రోల్ బంకుల ఆగిండు. ఆ సీసీ కెమెరా వీడియో మన ఫోన్లన్నింట్ల తిరిగింది. బండిని అడ్డదిడ్డంగ తిప్పుకుంట పోవుడు అందరం చూసినం.

ఆ బంకోళ్లది తప్పని నేననను. వాళ్ల జాగల నేనుంటే ఏం జేద్దునో నాకు ఎరికే. నేను చేసే చేసిన. నేను చెప్పేది ఇంకోటి. తాగినోడు బండి ఎక్కే ముందు వాన్ని చూసేటోడు పోలీసాయన కాదు. బంకుల పోరడు, పర్మిట్ రూంల గ్లాసులు తీసే పిలగాడు, దాబాల సప్లయర్, పంక్చర్ షాపాయన, మిల్లు కాడ కాంటా రాసేటోడు. ఆపనీకి ఒక్క నిమిషం ఉండేది వీళ్లకే. గానీ ఆపే అధికారం, ధైర్యం, వెనుక నిలబడే మనిషి వీళ్లకే లేరు.

మన తొవ్వలు ఒకసారి చూడుండ్రి. 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడ మీదికెల్లి విజయవాడకు పోతది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మిర్యాలగూడ మీదికెల్లి పోతది. రాత్రంతా బస్సులు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు నుంచి సిమెంటు లారీలు, కోతల టైంల మిర్యాలగూడ మిల్లులకు వడ్ల ట్రాక్టర్లు. గా తొవ్వ మీదనే మన ఊళ్ల బైకులు గూడ పోతయ్. రెండు కిలోమీటర్లే గదా అని హైవే ఎక్కుతం. సర్వీసు రోడ్డు లేకుంటే రాంగ్ రూట్ల వస్తం. మంచిగున్నోనికే గండం ఉన్న రోడ్డు అది. తాగినోనికి ఎట్ల?

మందు దుకాణాలు హైవేలకు 500 మీటర్ల దూరం ఉండాలని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 15న తీర్పిచ్చింది. 2017 మార్చి 31న దాన్ని కొంత సడలించి, 20 వేల లోపు జనాభా ఉన్న జాగలల్ల 220 మీటర్లు చాలన్నది. అదే ఏడాది జులైల మున్సిపాలిటీల లోపలికి ఈ నిబంధన రాదని తేల్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ మున్సిపాలిటీలే. దూరం పెట్టిన ఉద్దేశం హైవే మీద తాగి నడుపుడు తగ్గాలని. పట్నంల దుకాణం ఉంటది, దాని పక్కకెల్లే తొవ్వ పోతది. ఊళ్లల్ల బెల్టుషాపుల ముచ్చట సరేసరి, వాటికి లైసెన్సే లేదు, ఇగ నిబంధన ఎక్కడిది?

రాష్ట్రంల 2,620 వైన్స్ దుకాణాలున్నయ్. మొన్న 2025ల దరఖాస్తు ఒక్కొక్కదానికి 3 లక్షలు, రాకపోతే వాపస్ లేదు. లైసెన్సు దొరికినోడు ఆ పైసలు, ఏడాది ఫీజులు, కిరాయిలు ఎల్లగొట్టుకోవాలె. ఎల్లేది ఎట్ల? సీసా అమ్మితేనే. ఇసొంటి లెక్కల కింద పనిచేసే పిలగాడు "అన్నా, ఇగ చాలు" అని గిరాకీతోని అంటడా? అన్నడంటే రేపటి నుంచి పనికి రాకుమంటరు. అమ్మే దగ్గర ఆమ్దానీ సర్కారుకు, లాభం ఓనర్‌కు. ఆపే బరువు మాత్రం నెల జీతపు పిలగాని మీద. ఇదీ అసలు కిటుకు.

చట్టం ఏమంటదో గూడ తెలిసి ఉండాలె. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాక జైలు, లేకుంటే 10 వేల జరిమానా, లేకుంటే రెండూ. రెండోసారి రెండేండ్ల దాక జైలు, లేకుంటే 15 వేల జరిమానా, లేకుంటే రెండూ. ఇది శానామందికి ఎరికే. ఎరుక లేనిది 188 సెక్షన్. తాగి నడిపేటోనికి తెలిసి తోడ్పడ్డోనికి గూడ అదే శిక్ష అని అది చెప్తది. దోస్తు తూలుతున్నడని తెలిసీ "ఏం గాదు పోరా" అని తాళం చేతిల పెట్టేటోడు గీ మాట గుర్తుంచుకోవాలె.

జపాన్ ఇంకొంచెం ముందుకు పోయింది. 2006 ఆగస్టుల ఫుకుఓకాల తాగిన డ్రైవర్ గుద్దితే ఒక ఇంటి కారు సముద్రంల పడ్డది, ముగ్గురు చిన్నపిల్లలు చచ్చిపోయిండ్రు. ఆ తర్వాతి ఏడు చట్టం మార్చిండ్రు. బండి నడుపుతడని తెలిసీ మందు పోసినోడు, బండిచ్చినోడు, తెలిసీ ఆ బండి ఎక్కినోడు, అందరూ నేరస్తులే. మన హైదరాబాద్‌ల గూడ డిసెంబర్ 31 రాత్రి పబ్బులకు, బార్లకు పోలీసులు చెప్తరు, తాగినోళ్లను నడపనియ్యొద్దు, డ్రైవర్నో క్యాబునో చూడుండ్రి అని. మంచిదే. గానీ మునగాల కాడ రాత్రి పదింటికి ఏ యాప్ నొక్కితే క్యాబొస్తది? పట్నం లెక్కన రాసిన రూలు మన కాడ నిలువదు. మన రూలు మనమే చూసుకోవాలె.

కోదాడ కాడ మా బావకు చిన్న దాబా ఉంది. మందు పొయ్యడు, తాగనియ్యడు. గానీ వేరే కాడ తాగి తిననీకి వచ్చేటోళ్లు రోజూ వస్తరు. ఆయన తీరు చూసే నేను కొంత నేర్చుకున్న.

మొదటిది, "తాగినవ్" అనే మాటే అనడు. ఆ మాటంటే మనిషి ఇజ్జత్ మీదికి తీసుకుంటడు, తాగలేదని చూపెట్టనీకే బండి తీస్తడు. "అన్నా, వెనుక టైరుల గాలి తక్కువున్నట్టుంది, జర కూసో" అంటడు. రొట్టెలు లేటు చేస్తడు, బిల్లు లేటు చేస్తడు. రెండోది, తూలేటోనితోని మాట్లాడడు, పక్కన మంచిగున్నోనితోని మాట్లాడుతడు. ఇంటామె ఉంటే ఆమెకు చెప్తడు. ఎవరూ లేకుంటే ఆ మనిషి ఫోన్ నుంచే ఇంటికి చేయిస్తడు. మూడోది, తాళం గుంజుకోడు. గుంజుకుంటే లొల్లి అయితది, దెబ్బలు తగులుతయ్. "బండి ఈడనే పెట్టు, గొలుసేసి తాళమేస్త, పొద్దున వచ్చి తీస్కపో" అంటడు. ఆటో ఆయన నంబరు గోడ మీద పెద్దగ రాసి ఉంటది. అయినా వినకుండ పోతే, బండి నంబరు, ఏ దిక్కు పోయిండో 100కో 112కో చెప్తడు.

ఈ మూడో ముచ్చట కాడ జర ఆగుండ్రి. తాగినోడు బండి ఎందుకు వదిలిపెట్టడు? పొగరు ఒక్కటే కాదు. వైన్స్ ముందట వదిలితే పొద్దుగాల బండి ఉంటదో పోతదో నమ్మకం లేదు. ఆరింటికి పనికి పోవాలె, బండి లేకుంటే కూలి పోతది. కిస్తీ ఇంకా కట్టుతున్నడు. అందుకే పానం కంటే బండి మీదనే పావురం ఎక్కువ. బండికి భద్రమైన జాగ చూపెడితే సగం మంది వింటరు. ఇది మా బావ దగ్గర కండ్లార చూసిన.

ఇంకొక హెచ్చరిక. తూలే ప్రతోడు తాగినోడు కాదు. ఇప్పుడు నేను మిర్యాలగూడల ఒక మిల్లు కాడ కాంటా రాస్తున్న. నిరుడు కోతలప్పుడు ఒక డ్రైవర్ లారీ దిగి తూలిండు, మాట ముద్ద ముద్దగ వచ్చింది, ఒళ్లంతా చెమట. పక్కనోళ్లు నవ్విండ్రు, ఫోన్ల వీడియో గూడ తీసిండ్రు. దగ్గరికి పోతే వాసన లేదు. ఆయన క్లీనర్ ఉరుక్కుంట వచ్చి "షుగర్ ఉందన్నా, పొద్దటి నుంచి తినలే" అన్నడు. షుగర్ పడిపోయినా, పక్షవాతం వస్తున్నా, తలకు దెబ్బ తగిలినా, రెండు రాత్రులు నిద్ర లేకున్నా మనిషి తాగినట్టే కనపడతడు. తెలివితోని ఉండి, మింగగలిగితే షుగరోళ్లకు చక్కెర నీళ్లు ఇయ్యొచ్చు. మూతి వంకర పోతే, చెయ్యి లేవకపోతే, సోయి తప్పితే నోట్ల ఏమీ పొయ్యొద్దు, ఎంబడే 108. ఏ కారణమైనా సరే, బండి నడపొద్దన్నది మాత్రం ఒక్కటే.

మజ్జిగ, నిమ్మకాయ, చల్ల నీళ్లు, స్ట్రాంగ్ చాయ్ తాగితే దిగుతదనే ముచ్చట వదిలిపెట్టుండ్రి. అవి రక్తంల ఉన్న మందును తగ్గియ్యవు. టైం ఒక్కటే తగ్గిస్తది, అది గూడ గంటల లెక్కన. చాయ్ తాపి తాళమిచ్చుడంటే, మంచి చేసినమని అనుకొని ముప్పుల తోసుడే.

మరి కావాల్సిందేంది? ఒకటి, ఓనర్లు మాట మీద నిలబడాలె. "సోయిల లేనోనికి పెట్రోల్ కొట్టం, మందు పొయ్యం" అని బోర్డు పెడితే, పిలగాడు తన మాటగ కాదు, బోర్డు మాటగ చెప్తడు. హెల్మెట్ లేకుంటే పెట్రోల్ లేదని బోర్డులు చూసినోళ్లమే గదా. రెండు, పర్మిట్ రూం లైసెన్సు ఇచ్చేటప్పుడే రాత్రి బండ్లు పెట్టనీకి జాగ, ఆటో నంబర్లు తప్పనిసరి చెయ్యాలె. మూడు, ఆపినందుకు కొట్లాటయితే పోలీసులు పిలగాని దిక్కు నిలబడాలె. ఫోన్ చేసినోని పేరు బయట పెట్టొద్దు. ఊళ్ల పెద్ద లీడరు మనిషైనా సరే.

నాలుగోది మన పని. సర్కారు జీవో కోసం చూడక్కర్లేదు. ఊళ్ల ఆటోలు, ట్రాలీలు నడిపే తమ్ముళ్లు మస్తుగున్నరు. రాత్రి పన్నెండు దాక ఎవలు వస్తరో నలుగురి నంబర్లు దుకాణాల గోడల మీద రాయిద్దాం. ఇంకోటి, చేదుగుంటది గానీ చెప్పాలె. "ఫలాన చౌరస్తా కాడ చెకింగ్ ఉంది, పక్క తొవ్వల రాండ్రి" అని వాట్సాప్ గ్రూపుల మెసేజ్ పెట్టేది ఎవలు? మనమే. నేను గూడ పెట్టిన. దోస్తుకు జరిమానా తప్పించినమని సంబురపడ్డం. ఆ పక్క తొవ్వల చీకట్ల నడిచొచ్చే ముసలమ్మ యాదికి రాలే.

నా బంకు మేనేజర్ మాట సగం నిజం. తాగినోన్ని పట్టుకునుడు పోలీసోళ్ల పనే. గానీ వాని బండికి కిక్కు కొట్టకుండుడు మాత్రం మన పని. ఆ రాత్రి ఆయనకు రెండొందలు వాపస్ ఇచ్చి, బండి స్టాండేసి, బల్ల మీద పండుకోబెట్టి ఉంటే నన్ను ఏమంటుండె? మహా అయితే ఒక తిట్టు, లేకుంటే నౌకరి. నౌకరి ఎట్లయినా నాలుగు నెలలకు ఇడిచిపెట్టిన. ఆయన మాత్రం ఇంకా నా కండ్ల ముందట లైటు లేకుండ హైవే ఎక్కుతనే ఉన్నడు.