నాయకత్వమునకు పట్టమేల?

మన కోలారు బంగారు గనుల సభలలో అధ్యక్షపీఠమునకు పట్టభద్రునో ధనికునో వెదకుట ఆచారమైనది. దీనిని మేము ఖండించుచున్నాము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణమును మూయించిన స్త్రీలను నడిపిన రోశమ్మగారు సామాన్య గ్రామీణురాలు. ఆమెకు గల అర్హత యొక్కటే: తోడివారి దుఃఖము తన దుఃఖమగుట, పొండని పంపక రండని ముందు నడచుట. ఆ గెలుపు వయోజనవిద్యా వాచకమున పాఠమై ఊరూరా ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. మన కర్ణాటకమునకు ఆ నిషేధము 2007లో గాని రాలేదు.

విద్య వలదని మేమనము. విద్య వాక్కునకు మెరుగునిచ్చును, తెగువను ఈయదు. 2001లో గనులు మూతపడిన పిదప ఇల్లు గడపి బిడ్డలను చదివించిన ఇల్లాండ్రు మన లైన్లలో ఎందరో కలరు. రాబోవు సభలో వారిని వేదికపై కూర్చుండబెట్టి, మనము క్రింద కూర్చుండి విందము.