గని తెరిస్తే ఊరు లేస్తుందా?

ఎన్నికలొచ్చినా, సమ్మె నోటీసు పడినా తెలంగాణ బొగ్గుబెల్టులో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. కొత్త గని ఒక్కటి తెరిస్తే ఇల్లందు మళ్లీ కళకళలాడుతుందని, బెల్లంపల్లి మళ్లీ లేచి నిలబడుతుందని. మిగతా విషయాల్లో ఉప్పూనిప్పూగా ఉండే పార్టీలూ యూనియన్లూ ఈ మాట దగ్గర మాత్రం ఒక్కటవుతాయి. ఇది తప్పుడు ఆశ. పైగా, ఆ ఊళ్లకు న్యాయంగా రావలసినదాన్ని అడగనివ్వని ఆశ.

ఇల్లందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో. తవ్వకం మొదలైంది 1889లో. ఇక్కడ బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీకి ఆ పేరిచ్చింది పక్క ఊరే. ఆ తర్వాత కంపెనీ కొత్త పొరలు వెతుక్కుంటూ బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, గోదావరిఖనికి విస్తరించింది. ప్రధాన కార్యాలయం కొత్తగూడేనికి తరలిపోయింది. బొగ్గు తరిగాక కంపెనీ ముందుకు కదలడం ఈ చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే. కదలలేనిది ఊరొక్కటే.

ఆ ఊళ్ల వైభవానికి కారణం బొగ్గని అనుకుంటాం. కానీ బొగ్గు ఎప్పటికప్పుడు రైలెక్కి వెళ్లిపోయేది. ఊళ్లో మిగిలింది జీతం. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే ఫిల్లర్లు, సపోర్టు మనుషులు, ట్రామర్లు... ఒక్కో బాయి (భూగర్భ గని) మీద వందల కుటుంబాలు ఆధారపడేవి. జీతాల రోజున కిరాణా కొట్టు ఖాతాలు తీరేవి, బట్టల షాపులు నిండేవి, చిట్టీలు కట్టేవారు. బజారును నిలబెట్టింది ఆ డబ్బే.

ఇప్పుడు తెరిచే గని ఆ మనుషులను తిరిగి తెస్తుందా? అంకెలే చెబుతాయి. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు. ఏడాది ఉత్పత్తి రెండు కోట్ల టన్నులకు అటూ ఇటూ. 2023–24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులు, కార్మికులు నలభై వేలకు అటూ ఇటూ. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగానికన్నా తక్కువయ్యారు. గని పెరిగితే ఊరు పెరుగుతుందన్న సూత్రం నిజమైతే ఈ పాటికి బొగ్గుబెల్టంతా వెలిగిపోవాలి.

కారణం అందరికీ తెలుసు. ఇప్పుడు ఉత్పత్తిలో సింహభాగం ఓపెన్‌కాస్టు (ఓసీ) గనులదే. అక్కడ పని చేసేవి షవళ్లు, డంపర్లు. పైమట్టి తీసే ఓబీ పనుల్లో ఎక్కువభాగం కాంట్రాక్టర్లవి. ఆ పనుల్లో స్థానికులకు చోటు దొరకడం లేదన్నది ఓసీలున్న చాలా ఊళ్ల ఫిర్యాదు. దొరికినా ఆ కూలి పాత ఫిల్లరు జీతానికి సాటిరాదు. 2024లో ప్రకటించిన లాభాల వాటా చూడండి: పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,000. ఆ అయిదు వేలతో ఏ బజారు లేస్తుంది?

బొగ్గు బ్లాకులను వేలం వేయకుండా సింగరేణికే ఇవ్వాలని 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఆ డిమాండు న్యాయమైనదే. ప్రజల సొత్తు ప్రజా సంస్థ చేతిలోనే ఉండాలి. అయితే అది యాజమాన్యం గురించిన పోరాటం. బ్లాకు సింగరేణికే దక్కినా, అందులో తవ్వేది ఓసీయే అయితే పాత బాయిల మీద బతికిన ఊరికి ఒరిగేది తక్కువే.

మరి ఏం అడగాలి? ముందు పెన్షన్. ఈ ఊళ్లలో నెలనెలా ఖాయంగా వచ్చే డబ్బు రిటైరైన కార్మికులదే. 1998 నాటి బొగ్గుగనుల పెన్షన్ పథకంలో కరువుభత్యం లేదు. దిగిపోయిననాడు ఎంత రాశారో, ధరలు ఎంత పెరిగినా దాదాపు అంతే. అంటే ఊరి కొనుగోలు శక్తి ఏటేటా కరిగిపోతోంది. అమ్మే ప్రతి టన్ను మీద పెన్షన్ నిధికి వాటా పెంచి, పెన్షన్‌ను ధరలకు ముడిపెట్టాలి.

రెండోది, మూసివేత ఖర్చు. కేంద్రం ఇచ్చిన 2009 మార్గదర్శకాలు దీన్ని హెక్టార్లలో లెక్కగట్టాయి: ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. ఎక్కువమంది బతికిన గనికి తక్కువ సొమ్ము! భూమికి వేసిన లెక్క మనుషులకూ వెయ్యాలి. మూడోది, జిల్లా ఖనిజ ట్రస్టు నిధి. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం దీనికి వస్తుంది. బొగ్గు ఆగిన చోట రాయల్టీ ఆగుతుంది, నిధీ పుట్టదు. జిల్లాలో నడుస్తున్న గనుల సొమ్ములో కొంత, మూతపడ్డ గనుల ఊళ్లకు కచ్చితంగా కేటాయించాలి.

పెన్షన్లతో ఊళ్లు బాగుపడతాయా, పరిశ్రమలు కావాలి గానీ అంటారు. కావాలి, ఎవరు కాదన్నారు? కానీ కొనేవాళ్లు లేని ఊళ్లో ఏ వ్యాపారి పెట్టుబడి పెడతాడు? ముందు చేతిలో డబ్బు ఆడాలి. ఆ డబ్బు దానం కాదు, వందేళ్లకు పైగా తీసుకెళ్లిన బొగ్గుకు బాకీ. కొత్త గని హామీతో ఈసారి ఓటడగడానికి వచ్చేవారిని ఒక్కటే అడగండి: ఆ గనిలో మా ఊరివాళ్లు ఎంతమందికి, ఏ జీతానికి పని? అంకె చెప్పలేకపోతే, పాత బాకీ సంగతి తేల్చమనండి.