సంతకం పెట్టకండి, సాక్ష్యం పోనివ్వకండి

షాపింగ్ మాల్‌లోనో మెట్రో స్టేషన్‌లోనో ఎస్కలేటర్ మీద ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ తర్వాతి గంట చాలా విలువైనది. మేనేజర్ పరుగున వస్తారు. కారు పెట్టి ఆస్పత్రికి పంపుతారు. మొదటి బిల్లు వాళ్లే కడతారు. ఇంతవరకూ మంచిదే. కానీ వెంట వచ్చిన ఉద్యోగి చేతిలో ఒక కాగితం కూడా ఉండొచ్చు: ‘నా పొరపాటువల్లే పడ్డాను, యాజమాన్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు’ అని. ఇక్కడ కట్టు కడుతుండగానే అక్కడ మెకానిక్ వచ్చి విరిగిన భాగం మార్చేస్తే, సాయంత్రానికి ఎస్కలేటర్ ఏమీ ఎరగనట్టు తిరుగుతూ ఉంటుంది. పరిహారం కేసులు ఏళ్ల తర్వాత కోర్టులో ఓడిపోయినట్టు కనిపిస్తాయి గానీ, వాటి పునాది కదిలిపోయేది ఆ గంటలోనే. సాక్ష్యమంతా ఎవరి గుప్పిట్లో ఉందో, పరిహారం కట్టాల్సిందీ వాళ్లే. ఈ సంగతి ఒక్క క్షణం కూడా మరవొద్దు.

ఇలాంటిది జరిగినప్పుడు ‘టైం బాగోలేదు’ అని మనవాళ్లు సరిపెట్టుకుంటారు. ఎస్కలేటర్ విషయంలో ఆ మాట ఒప్పుకోవడానికి వీల్లేదు. 1999 డిసెంబరులో ఢిల్లీ ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ఎస్కలేటర్ ఎనిమిదేళ్ల పాపను మింగేసింది. 2011 జులైలో బీజింగ్ మెట్రోలోని జూ స్టేషన్‌లో పైకి వెళ్తున్న ఎస్కలేటర్ ఉన్నట్టుండి కిందికి తిరిగి, 13 ఏళ్ల బాలుణ్ని బలితీసుకుంది. 30 మంది దాకా గాయపడ్డారు. 2015 జులైలో చైనాలోనే జింగ్‌జౌ నగరంలో, ఒక దుకాణంలో ఎస్కలేటర్ పైన దిగేచోట నేల పలక ఒరిగిపోయింది. బిడ్డను ముందుకు తోసి బతికించిన తల్లి తాను లోపలికి జారి చనిపోయింది. ఆ పలక వదులుగా ఉందని సిబ్బంది కొన్ని నిమిషాల ముందే గమనించారని తర్వాత తేలింది. తెలిసీ మెషీన్ ఆపలేదు. దీనికి విధి అని పేరు పెట్టలేం.

మనుషులు ఇరుక్కుపోయే ప్రమాదాలు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, మెట్టుకీ పక్క రేకుకీ మధ్య ఉండే సందు. రెండోది, చివర్లో మెట్లు నేల కిందికి దూరే దగ్గర పళ్లుపళ్లుగా ఉండే పలక, దాన్నే కోంబ్ ప్లేట్ అంటారు. సందు పెరిగినా, పక్కనుండే బ్రష్ ఊడినా, పలకలో పన్ను విరిగినా నిర్వహణకొచ్చే మనిషికి చూడగానే తెలియాలి. పిల్లల మెత్తటి రబ్బరు చెప్పులు ఆ సందులో తేలిగ్గా ఇరుక్కుపోతాయి.

చట్టం బాధితుల పక్షాన చెప్పిన మాటలు తక్కువేమీ కావు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్ హాల్ ఎదురుగా ఉన్న గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, 1966లో సుప్రీంకోర్టు మునిసిపల్ కార్పొరేషన్‌నే బాధ్యురాలిగా తేల్చింది. సరిగా చూసుకుంటే అది కూలేది కాదు కాబట్టి, కూలడమే నిర్లక్ష్యానికి రుజువు, కాదని చూపించుకోవాల్సింది యజమానేనని చెప్పింది. లోపం పైకి కనిపించలేదన్న సాకునూ ఒప్పుకోలేదు. పైకి వెళ్తున్న మెట్లు వెనక్కి తిరిగితే, నేల పలక ఊడితే ఇదే తర్కం వర్తించాలని గట్టిగా వాదించవచ్చు. ‘ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. పార్కింగ్ చీటీ వెనక అలాంటి మాట అచ్చేసి, కారు పోయాక చేతులు దులుపుకోబోయిన హోటల్‌ను 2019లో సుప్రీంకోర్టు వదిలిపెట్టలేదు. కారు విషయంలో చెల్లని మాట కాలు విషయంలో ఎలా చెల్లుతుంది?

అవతలి వకీలు మొదట పట్టుకునేది చీర కొంగుని. ‘కొంగు సరిచేసుకోలేదు, చున్నీ వేలాడింది, బిడ్డ చెయ్యి పట్టుకోలేదు’ అంటారు. జాగ్రత్త మన వంతే, కాదనను. కానీ చీరలు అమ్మే దుకాణంలో ఎస్కలేటర్ పెట్టినవాడికి చీర కట్టుకున్నవాళ్లు ఎక్కుతారని తెలియదా? పండగ కొనుగోళ్లకు చంటిపిల్లలతో, ముసలివాళ్లతో, చేతినిండా సంచులతో కుటుంబాలు వస్తాయని ఎవరైనా విడిగా చెప్పాలా? ఎక్కేది ఎవరో తెలిసినప్పుడు వాళ్లకు తగ్గట్టుగా యంత్రాన్ని ఉంచాలి. రద్దీ వేళల్లో కింద ఒకరు, పైన ఒకరు మనుషుల్ని నిలబెట్టాలి. బాధితుల అజాగ్రత్త కొంత ఉందని రుజువైనా పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది తప్ప, యాజమాన్యం నిర్లక్ష్యం మాసిపోదు. అందుకే ఆ రోజు మీ నోటితో ‘నాదే తప్పు’ అనకండి, రాసి అసలే ఇవ్వకండి.

ఇక తోసేసుకునే ఆట. మాల్ వాళ్లు నిర్వహణ కంపెనీ అంటారు, ఆ కంపెనీ తయారీదారు అంటుంది, తయారీదారు విడిభాగాలు మావి కావంటాడు. మీరు ఎవరినీ ఏరుకోవద్దు. యజమాని, మాల్ నడిపే సంస్థ, ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) తీసుకున్న కంపెనీ, తయారీదారు, అందరినీ కేసులో చేర్చండి. ఎవరి వాటా ఎంతో వాళ్లు తేల్చుకుంటారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద గడువు రెండేళ్లు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు: బెంగళూరు మాల్‌లో దెబ్బతిన్న గుంటూరు కుటుంబం గుంటూరులోనే ఫిర్యాదు చేయొచ్చు. అయితే వినియోగదారుడు అనిపించుకోవాలంటే ఏదో ఒకటి కొని ఉండాలి లేదా డబ్బు కట్టి సేవ పొంది ఉండాలి. కాబట్టి బిల్లు, పార్కింగ్ చీటీ, మెట్రో టికెట్ పారేయకండి. ఏమీ కొనకపోయినా సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. ప్రాణం పోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద కుటుంబం దావా వేయొచ్చు. దెబ్బతిన్నది అక్కడ ఊడ్చే మనిషో, సేల్స్ గాళ్‌గా పనిచేసే అమ్మాయో అయితే దారి వేరు: ఈఎస్ఐ ఉంటే అందులో, లేకపోతే సామాజిక భద్రతా కోడ్, 2020లోని ఉద్యోగుల పరిహార నిబంధనల కింద. అక్కడ యజమాని తప్పు రుజువు చేయాల్సిన పనే లేదు, కాంట్రాక్టర్ మనిషైనా అసలు యజమానిని అడగవచ్చు. ఈ సంగతి ఆ కార్మికులకు చెప్పేవాళ్లే కరవు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులూ జాగ్రత్త. గడువు రాష్ట్రానికో తీరు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో మామూలుగా రెండేళ్లు. కానీ కాలిఫోర్నియాలో రవాణా నడిపేది ప్రభుత్వ సంస్థ అయితే 6 నెలల్లోనే క్లెయిమ్ ఇవ్వాలి.

కర్ణాటక 2012లో, మహారాష్ట్ర 2017లో, ఉత్తరప్రదేశ్ 2024లో లిఫ్టులతోపాటు ఎస్కలేటర్లకూ చట్టాలు చేశాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఒకటే అడుగుతున్నాం: ప్రమాదం జరిగిన ఎస్కలేటర్‌ను ప్రభుత్వ ఇంజినీరు చూసి రాసుకునేదాకా ఎవరూ స్క్రూ తిప్పకూడదు. తిప్పితే శిక్ష ఉండాలి. చివరి తనిఖీ తేదీ ఎక్కేచోట అందరికీ కనబడేలా అతికించాలి.

అప్పటిదాకా మీ కాపలా మీదే. ముందు మనిషి ప్రాణం. ఎక్కేచోట, దిగేచోట ఉండే ఎర్ర బటన్ నొక్కి ఆపండి, ఇరుక్కున్న కాలుని బలంగా లాగకండి. ఒకరు ఆస్పత్రికి వెళ్తే ఇంకొకరు అక్కడే ఉండి మెట్టు, సందు, విరిగిన పన్ను, యంత్రం మీది నంబరు ఫోన్‌లో తీయండి. చూసినవాళ్ల నంబర్లు అడగండి. చిరిగిన చెప్పు, బట్ట ఉతకకుండా దాచండి. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. యంత్రం విషయంలో నిర్లక్ష్యం భారతీయ న్యాయ సంహిత 289వ సెక్షన్ కింద నేరం. వీడియో తీసిన ఫోన్ అమ్మేయకండి, కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు అది అవసరమవుతుంది. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మనిషి ప్రాణం తర్వాత అన్నిటికన్నా ముందు యాజమాన్యానికి ఒక ఉత్తరం. సీసీటీవీ దృశ్యాలు కొన్నిచోట్ల రోజుల్లోనే చెరిగిపోతాయి. తేదీ, సమయం, ఎస్కలేటర్ ఏ అంతస్తులో ఉందో రాసి, ఆ పూట దృశ్యాలనూ నిర్వహణ లాగ్‌బుక్‌నూ తీసిన విడిభాగాలనూ భద్రపరచాలని అడగండి. అడిగాక కూడా పోగొడితే, అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయి కాబట్టే దాచారని కోర్టు భావించవచ్చు. తెల్ల కాగితం, మీ చేతిరాత చాలు. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. వాళ్లు ‘వేయం’ అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.