ఖాళీ తూటాను మళ్ల నింపుడు పొదుపు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకునుడు

పోస్టు కొంచెం పొడుగున్నది. మక్క, పల్లి, వరి ఏసి రాత్రిళ్లు పందులకు కావలి కాస్తున్నోళ్లు మాత్రం ఆఖరిదాక చదవండి.

ఈ మధ్య వీడియోలు తిరుగుతున్నయ్. కాల్చిన రైఫిల్ తూటా ఇత్తడి గొట్టాన్ని పారెయ్యకుండ డైలో పెట్టి, లివర్ వత్తి, పాత సైజుకు తెచ్చి, మళ్ల మందు నింపుడు. చూసి మనోళ్లు కొందరు "గింతేనా, మన ఆటోనగర్‌లో లేత్ మీద డై చేయించుకుంటే అయిపాయె, తూటా ఖర్చు మిగులుతది" అంటున్నరు. ఈ మాట తప్పు. ఎందుకు తప్పో పని తెలిసినోళ్లు చెప్పే లెక్కలోనే చెప్తా.

తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి ఇత్తడి గొట్టం ఉబ్బి తుపాకీ ఛాంబర్ గోడకు అతుక్కుంటది. అందుకే గ్యాసు వెనక్కి, అంటే మన మొహం మీదికి రాదు. ఒత్తిడి తగ్గినంక గొట్టం కొంచెం సర్దుకుంటది గానీ మునుపటి సైజుకు రాదు. దాన్ని డైతోని మళ్ల పిండుడే రీసైజింగ్. వినడానికి సులువే. అసలు కత అక్కడే మొదలయితది.

గొట్టానికి నూనె సరిగ్గ రాయకపోతే డైలో ఇరుక్కుంటది, లాగితే అంచు తెగుతది. నూనె ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతయ్. ఇవి కంటికి కనిపించే తప్పులు. కనిపించని తప్పు ఇంకోటున్నది. డైని కొంచెం ఎక్కువ దించితే గొట్టం భుజం వెనక్కి జరుగుతది. మిల్లీమీటర్‌లో పదో వంతు రెండో వంతో, అంతే. అటువంటి తూటా ఛాంబర్‌లో వదులుగ కూసుంటది. పేల్చినప్పుడల్లా గొట్టం అడుగు దగ్గర సాగి పలచబడుతది. బయటికి మాత్రం నిగనిగలాడుతది. ఒకనాడు అడుగు భాగం తెగి విడిపోతది. గ్యాసు బోల్టు సందుల నుంచి ఎగదన్నుతది. అప్పుడు చెంపకు ఆనిచ్చి గురిపెట్టినోని కన్ను ఎక్కడుంటది?

పైగా ఇత్తడిని ఎన్నిసార్లు పిండితే అంత గట్టిపడుతది, మెడ దగ్గర పగులుతది. కంచరోళ్ల పని చూసినోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు, ఇత్తడిని కొట్టంగ కొట్టంగ మధ్యల కాల్చి మెత్తబరచకపోతే చీలుతది. ట్రాక్టర్ ఇంజన్‌కు లైనర్ సరిగ్గ కూసోకపోతే పొగ వస్తది, మెకానిక్ దగ్గరికి పోతం. తూటా సరిగ్గ కూసోకపోతే ఆ అవకాశం ఉండదు.

"అమెరికాల ఇంట్ల కూసోని చేస్తున్నరు కదా" అంటరు. నిజమే, చేస్తున్నరు. అక్కడ గొట్టం, ప్రైమర్, మందు, బుల్లెట్ అన్నీ దుకాణంల వేర్వేరుగ దొరుకుతయ్. ఏ తూటాకు ఏ రకం మందు ఎంత తూకం అనేది కంపెనీలు అచ్చేసిన పుస్తకాలున్నయ్. భుజం ఎంత జరిగిందో కొలిచే గేజీలున్నయ్. మన దగ్గర ఏమున్నది? లేత్ మీద అందాజుగ కోసిన డై, పటాకుల మందో క్వారీ మందో, పైన ధైర్యం. ధైర్యం ఇత్తడిని ఆపదు.

ఇగ చట్టం. 1959 ఆయుధాల చట్టంల "మందుగుండు" అంటే నిండు తూటా ఒక్కటే కాదు. తూటా భాగాలు, తూటా తయారు చేసే యంత్రాలు కూడ అందులకే వస్తయ్. నీ తుపాకీ లైసెన్సు తుపాకీ పెట్టుకునేటందుకు, తూటాలు తయారు చేసేటందుకు కాదు. లైసెన్సు లేకుండ తయారు చేస్తే 2019 సవరణ తర్వాత ఏడేండ్లకు తక్కువ కాకుండ, యావజ్జీవం దాక శిక్ష. నాలుగు తూటాల ఖర్చు మిగిలించబోయి ఏడు వానకాలాల పంట పోగొట్టుకునుడు ఏం లెక్క?

ఇంకో మాట. అదే చట్టం 13వ సెక్షన్‌ల పంట కాపలాకు లైసెన్సు అంటే భర్మార్ తుపాకీకే. అది చాలదని అధికారికి అనిపిస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోరు తుపాకీకి ఇయ్యొచ్చు. రైఫిల్ మాట లేదు. భర్మార్‌కు ఇత్తడి గొట్టమే ఉండదు. 12 బోరు తూటా ప్లాస్టిక్‌దో అట్టదో, అడుగున మాత్రం ఇత్తడి. అంటే ఆ వీడియోల చూపించే పని నీ తుపాకీదే కాదు! రైఫిల్ ఉన్నోళ్లు కూడ యాదుంచుకోండి, పెద్ద రైఫిల్ గుండు పందికి తగలకపోతే మూడు కిలోమీటర్లు దాటి పోతది. మన చేన్ల నడుమ ఊర్లున్నయ్, పశువులున్నయ్, నీళ్లు కట్టే మనుషులున్నరు.

అయితే తప్పంతా రైతుదేనా? కాదు. రైతు ఈ ఆలోచన దాక ఎందుకు వచ్చిండో సర్కారు చెప్పాలె. లైసెన్సు కోసం తిరిగి తిరిగి చెప్పులరుగుతయ్. లైసెన్సు వచ్చినా ఏడాదికి ఎన్ని తూటాలో రాసిస్తరు. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ తీసుకపోయి పోలీస్ స్టేషన్‌ల అప్పజెప్పాలె. పందులకు కోడ్ ఉండదు కదా! ఎలక్షన్ అయ్యేదాక చేను ఎవరు కాయాలె?

మా వనస్థలిపురం సంగతే చూడండి. మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన జాగ. 1975ల జింకల కోసం కాపాడిన్రు, 1994ల నేషనల్ పార్కు చేసిన్రు. కృష్ణజింకలు బతికినయ్, సంతోషమే. విజయవాడ రోడ్డు పొంటి పోతుంటే దాని కంచె కనిపిస్తది. జింకకు కంచె కట్టగలిగిన సర్కారు మక్క చేనుకు కంచె ఎందుకు కట్టలేదు?

దారి లేక కాదు. వన్యప్రాణి చట్టం 1972ల 11వ సెక్షన్ ప్రకారం పంట పాడుచేసే పందిని అధికారి రాతపూర్వక అనుమతితోని చంపించొచ్చు. 2016ల కేంద్రం ఉత్తరాఖండ్‌ల అడవి బయట తిరిగే పందిని ఏడాది పాటు హానికర జంతువుగ ప్రకటించింది. 2022ల కేరళ ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల చేతికే ఇచ్చింది. రాత్రి పంది పడితే పొద్దున పంచాయతీకి పోతే సరిపోవాలె. ఫైలు తిరిగి వచ్చేసరికి చేన్ల కట్టె కూడ మిగలదు.

కాబట్టి మనం అడగాల్సింది డై కాదు. గ్రామసభల తీర్మానం పెట్టి అడగాల్సినవి ఇవి:

ఒకటి, ఊరి స్థాయిలనే అనుమతి, శిక్షణ ఉన్న షూటర్లు, వాళ్ల ఖర్చు సర్కారు మీద.
రెండు, సోలార్ ఫెన్సింగ్‌కు చిన్న రైతుకు అందే సబ్సిడీ.
మూడు, పంట నష్టానికి ఆ సీజన్‌లనే పైసలు.
నాలుగు, పంట కాపలా లైసెన్సు ఉన్న రైతుకు ఎన్నికలప్పుడు మినహాయింపు.

అప్పటిదాక చేన్ల డైరెక్ట్ కరెంటు తీగ కట్టకండి. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు పోయిన వార్తలు ఏటా చదువుతున్నం. సోలార్ ఫెన్సింగ్ దెబ్బ ఆగి ఆగి వస్తది, తరుముతది. డైరెక్ట్ కరెంటు పట్టుకుంటే వదలదు. లైసెన్సు లేనోళ్లు ఎక్కడన్న దొరికిన ఖాళీ తూటా ఇంట్ల దాచకండి, పిల్లలకు ఆటకు ఇయ్యకండి. లైసెన్సు ఉన్నోళ్లు కొన్న తూటాకు, కాల్చిన తూటాకు లెక్క రాసిపెట్టుకోండి.

పంట పోతే వచ్చే కారుకు మళ్ల ఏసుకుంటం. కన్ను పోతే ఏ కారుకు మొలుస్తది? వీడియో పంపినోనికి ఈ పోస్టు కూడ పంపండి. మీ ఊర్ల గ్రామసభ ఎప్పుడో కింద రాయండి. తీర్మానం కాగితం కలిసి రాసుకుందాం.