ఎనిమిది వందల గజాల సంగతి

మా ఊరి స్టేడియంలో ఇప్పుడున్న రెండు టెన్నిస్ కోర్టులకు తోడు మున్సిపాలిటీ వాళ్లు ఇంకో నాలుగు కడతారట. ఈ మాట చెప్పగానే మా అక్క కూతురి ముఖం చూడాలి! పదమూడేళ్ల పిల్ల. ఏడాదిన్నర పాటు రోజూ వెళ్లి ఆడి, పోయిన దసరా నుంచి మానేసింది. ఎందుకు మానేసిందో తర్వాత చెబుతాను.

పక్కింటి పిన్నిగారు మాత్రం "రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో టెన్నిస్ ఎందుకమ్మా, అది డబ్బున్నవాళ్ల ఆట కదా" అన్నారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. రాకెట్, బూట్లు, బంతులు అన్నీ ఖర్చే. కానీ ఈ ఆట డబ్బున్నవాళ్లది కావడానికి, కోర్టులు క్లబ్బుల గోడల వెనక ఉండిపోవడం కూడా ఒక కారణం కాదూ? అమెరికాలో బిల్లీ జీన్ కింగ్ ఓ ఫైర్‌మన్ కూతురు. పదకొండేళ్లప్పుడు లాంగ్‌బీచ్ పార్కుల్లో ఉచితంగా నేర్పుతుంటే వెళ్లి నేర్చుకుంది. వీనస్, సెరెనా అక్కచెల్లెళ్లు కాంప్టన్‌లోని పబ్లిక్ కోర్టుల్లో ఆడి పైకొచ్చారు. మన సానియా మీర్జా అయితే చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఆవుపేడ అలికిన కోర్టుల మీద ఆడానని చాలాసార్లు చెప్పుకుంది. ఆ అమ్మాయే 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. మన ఇళ్ల ముందు మనం అలికే పేడే కదా!

కాబట్టి కోర్టులు వద్దని నేననను. లెక్క మాత్రం అడుగుతాను. గీతల మధ్య కోర్టు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. చుట్టూ పరిగెత్తే జాగాతో కలిపితే 120కి 60 కావాలి. అంటే 800 గజాలు. నాలుగు కోర్టులకు 3,200 గజాలు, సుమారు 66 సెంట్లు. మరి అంత జాగా ఎక్కడ్నుంచి వస్తుంది? ప్లాను చూపించమని అడిగితే తెలిసింది, హైస్కూలు ఆడపిల్లలు ఖోఖో, కబడ్డీ ఆడుకునే చోటే పోతోందట. టెన్నిస్ కోర్టులో ఒకేసారి ఆడేది ఇద్దరో నలుగురో. ఖోఖోలో తరిమే జట్టులోనే తొమ్మిది మంది. ఒక ఆడపిల్ల ఆట తీసి ఇంకో ఆడపిల్లకివ్వడం ఏం పెంచడమో నాకర్థం కాలేదు.

ఇక డబ్బు. కట్టడానికి డబ్బు దొరక్క కాదు. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి, అందులో క్రీడల శిక్షణ కూడా ఉంది. శంకుస్థాపనకు, ఫొటోకు ఎవరైనా వస్తారు. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు, చిరిగిన నెట్టు, వీటికే ఎవరూ రారు. మట్టి కోర్టయితే నీళ్లు చల్లి రోలరు లాగే మనిషి రోజూ ఉండాలి. సిమెంటు మీద రంగు వేసిన కోర్టయితే కొన్నేళ్లకోసారి మళ్లీ పూత వేయించాలి, లేకపోతే పగుళ్లలో గడ్డి మొలుస్తుంది.

ఇప్పుడు మా పిల్ల సంగతి. దసరా ఎగ్జిబిషన్‌కు స్టేడియం అద్దెకిచ్చారు. కోర్టులోనే గుంజలు పాతారు. నలభై రోజులు ఆట బందు. గుంతలు పూడ్చకుండానే వెళ్లిపోయారు. ఆపైన లైట్లు కాలిపోయాయి, చలికాలం ఐదున్నరకే చీకటి. బాత్‌రూంకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మగపిల్లలకు ఇదంతా ఇబ్బంది. ఆడపిల్లకైతే ఆట మానేయడమే. మా అక్క "చీకటిపడ్డాక నేను పంపను" అంది. తప్పుపట్టగలమా?

బ్రిటన్‌లో 2021లో ప్రభుత్వం, అక్కడి టెన్నిస్ సంఘం కలిసి దాదాపు 3 కోట్ల పౌండ్లతో ఒక పథకం పెట్టాయి. కొత్తవి కట్టడం కన్నా పార్కుల్లో పాడుపడ్డ వేల కోర్టుల్ని బాగుచేయడమే దాని పని. అంత ధనిక దేశమే పాతవాటి మరమ్మతు చూసుకుంటుంటే, మనం గుంతలు అలాగే ఉంచి కొత్తవాటికి టెండర్లు పిలుస్తున్నాం!

నన్నడిగితే నాలుగు వద్దు, ఒకటి చాలు. ఉన్న రెంటినీ బాగుచేసి, ఒక గోడ కట్టించండి. తోడు దొరకని పిల్ల ఆ గోడకేసి కొట్టుకుంటూ నేర్చుకుంటుంది. లైట్లు వేయించండి. పొద్దున్నా రాత్రీ ఆడే ఉద్యోగస్తుల దగ్గర గంటకింతని రుసుం తీసుకుని, ఆ డబ్బు విడిగా మరమ్మతుల ఖాతాలో వేసి, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా పిల్లలకు ఉచితంగా వదలండి. ఎగ్జిబిషన్ అద్దె కూడా ఆ ఖాతాకే చేరాలి, గుంజలు మాత్రం కోర్టు బయటే పాతాలి.

ఇవన్నీ అర్జీగా రాసి, సోమవారం కమిషనర్‌గారికి ఇవ్వడానికి మా వీధిలో సంతకాలు తీసుకుంటున్నాను. ఇప్పటికి పదహారయ్యాయి. పిన్నిగారు కూడా సంతకం పెట్టారు, కాకపోతే నీళ్ల సంగతి కూడా కింద రాయమన్నారు. రాశాను.