కాళ్లు నేలకు అందని బళ్లు

మోటారు సైకిలు నడపటం ఒక ఎత్తు, దాన్ని ఆపటం ఒక ఎత్తు. పొడుగువారికి ఈ సంగతి తెలియదు. పొట్టివారికి మాత్రం బండి ఆపవలసి వచ్చిన ప్రతిచోటా గుండె ఝల్లుమంటుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గాని, విజయనగరం గంటస్తంభం వద్ద గాని కాసేపు నిలబడి చూడండి. ఒంటికాలి మునివేళ్ల మీద బండిని ఆపి, రెండో కాలు గాలిలో వేలాడేసి నిలబడేవారు కనిపిస్తారు.

లెక్క చూస్తే ఇందులో వింత లేదు. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అనగా 5 అడుగులు. ఆ ఎత్తువారికి కాలి లోపలి పొడవు సుమారు 27 అంగుళాలు. పల్లెల్లో విరివిగా తిరిగే స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 31 అంగుళాలు. యాక్టివా స్కూటరుది 692 మిల్లీమీటర్లే. అయితే స్కూటరే కొనుక్కోవచ్చు కదా అనవచ్చు. కాని ఇంటికి ఒకే బండి ఉన్నచోట అది సాధారణంగా మగవారి కోసం కొన్న మోటారు సైకిలే. పైగా సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండదారుల్లో రాళ్ల మీద పోవాలంటే పెద్ద చక్రాల బండే నయం. అక్కడ తిరిగే ఎ.ఎన్.ఎం.కు, పంతులమ్మకు బండి సరదా కాదు, ఉద్యోగం.

ఈ వ్యాస రచయిత ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఒకసారి కొండ మలుపులో ఎదురుగా లారీ రాగా బండి ఆపాను. కాలు పెట్టినచోట గుంట ఉంది. బండి ఒరిగిపోయింది, సైలెన్సరు పిక్కకు అంటుకుంది. ఆ మచ్చ నేటికీ ఉంది. ఆ తరువాతే సీటు కోయించాను.

ఇది ఒక పూట పని. సీటు తీసి, అడుగున పిన్నులు ఊడదీసి, రెక్సిన్ ఒలిచి, స్పాంజి తగ్గించి, మళ్లీ రెక్సిన్ బిగిస్తారు. అయితే చాలామంది సీటు నడుమ గుంట చేయించి సరిపెట్టుకుంటున్నారు. అసలు కిటుకు వెడల్పులో ఉంది. ట్యాంకు దగ్గర సీటు అంచులు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, కాలు ఏటవాలుగా దిగి, ఉన్న పొడవు కాస్తా వృథా అవుతుంది. కనుక ముందు ఆ అంచులు చెక్కించాలి. ఎత్తు తగ్గించటం ఆ తరువాత. అదీ అంగుళం, మహా అయితే అంగుళంన్నర. అంతకు మించితే సీటు అడుగు పలక ఒంటికి తగిలి నడుము పట్టేస్తుంది. కొంచెం కోయించి, కూర్చుని చూసి, చాలకుంటే మరికొంచెం కోయించాలి. కోసిన స్పాంజి మళ్లీ మొలవదు.

కొందరు సీటు జోలికి పోకుండా వెనుక పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయిస్తున్నారు. ఇది ప్రమాదం. బండి అడుగు భాగం గతుకులకు తగులుతుంది. వెనుక భాగం దిగిపోగా సైడు స్టాండు పొడుగై, నిలిపిన బండి అవతలికి పడుతుంది.

సీటు కోయిస్తే కేసు రాస్తారన్న భయమూ ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ఆ పత్రంలో ఎందరు కూర్చోవచ్చునో ఉంటుంది గాని స్పాంజి మందం ఉండదు. రవాణా శాఖ వారు ఈ మాట లైసెన్సు పరీక్షకు వచ్చినవారికి చెబితే ఎంతో మేలు.

"నాలుగు రోజులు నడిపితే అలవాటైపోతుంది" అనేవారున్నారు. అలవాటు మంచి రోడ్డు మీద పనికివస్తుంది. వెనుక బిడ్డను కూర్చోబెట్టుకుని బురదలో ఆపవలసిన రోజున పనికివచ్చేది నేలకు ఆనిన పాదమే.

బట్టల కొట్లో ప్యాంటు పొడుగైతే మడిచి కుట్టి ఇస్తారు. లక్ష రూపాయల దాకా పోసి కొనే బండికి మాత్రం పొడుగువారికీ పొట్టివారికీ ఒకటే సీటు! 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి ఎత్తు తక్కువ సీటును తయారీదారులే అమ్ముతున్నారు. ఖరీదైన బండికి వీలైనది పల్లె బండికి ఎందుకు వీలుకాదు? కంపెనీలు ఆ సీటు తయారు చేయాలి. అంతవరకు డీలర్లయినా బండి అప్పగించే ముందు కోరినవారికి సీటు సరిచేయించి ఇవ్వాలి.

కొనేవారు సైతం మైలేజీ ఎంతని అడిగేముందు బండి ఎక్కి పాదాలు నేలకు ఆనుతున్నవో లేదో చూసుకోవాలి. ఇంట్లో ఆడవారు కూడా నడిపేదైతే, డబ్బు కట్టకముందే వారిని షోరూముకు తీసుకువెళ్లి కూర్చోబెట్టి చూడాలి.